108 బండి దిగి క్లాసులోకి వెళ్లే ముందు

ఈఎంటీగా (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే సిబ్బందిగా) పనిచేసి, ఇప్పుడు పారామెడిక్ విద్యార్థులకు పాఠం చెప్పబోతున్నారా? మొదటి క్లాసుకు ముందు ఇవి చూసుకోండి.

• బీఎల్ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక చికిత్స) శిక్షణ కార్డు గడువు రెండేళ్లే. అయిపోతే ముందే రెన్యూ చేయించుకోండి. కాలేజీ ఏ డిగ్రీ అడుగుతోందో కాగితం మీద తీసుకోండి.

• మీ చేతి అలవాటునే పాఠంగా చెప్పకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రోడ్డు మీద చేతులు వాటంతట అవే కదులుతాయి, కానీ విద్యార్థికి 'ఎందుకు' అన్నది కావాలి. పెద్దవాళ్లకు సీపీఆర్‌లో (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే చికిత్సలో) నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. అప్పుడే గుండెలోకి మళ్లీ రక్తం చేరుతుంది. మీరు ముందు శిక్షణ బొమ్మ మీద చేసి, వేరొకరితో లెక్క పెట్టించండి. 2025లో సీపీఆర్‌కు కొత్త గైడ్‌లైన్స్ వచ్చాయి, పాత నోట్సుతో సరిచూడండి.

• డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ట్రైనింగ్‌దా, అసలుదా? అసలుదైతే విద్యార్థుల ఒంటి మీద ప్యాడ్లు అంటించి ప్రాక్టీసు చేయించవద్దు. సూదులు పారేసే డబ్బా దగ్గరే ఉండాలి.

• కేసులు చెప్పండి, కానీ పేరు, ఊరు, ఫోటో వద్దు. చిన్న మండలంలో ప్రమాదం జరిగిన తేదీ చెప్పినా మనిషి ఎవరో తెలిసిపోతుంది.

• పసిపిల్లల కేసు గుర్తొస్తే మీకింకా గొంతు పూడుకుపోతోందా? ఆ కేసును క్లాసులో ఇప్పుడే ఎత్తకండి. ముందు నమ్మకమైన సీనియర్‌తోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.

• వీలైతే నెలకు ఒకటి రెండు 108 డ్యూటీలు ఉంచుకోండి.