ఫారం 16 ఒక్కటే నమ్మి రిటర్ను వేయకండి

మాదాపూర్‌లో చిన్న కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు మొన్న ఆదాయపు పన్ను శాఖ నోటీసు పట్టుకుని వచ్చాడు. పేస్లిప్పుల్లో నెలనెలా ‘టీడీఎస్ 9,200’ అని కోత ఉంది (జీతం చేతికివ్వకముందే కంపెనీ కోసే ఆదాయపు పన్ను అది). మన పేరున ఎంత పన్ను జమైందో చూపే ఫారం 26ఏఎస్ తెరిస్తే డిసెంబరు దాకా వరసలున్నాయి, తర్వాత ఖాళీ. మూడు నెలల పన్ను, 27,600 రూపాయలు, జీతంలోంచి పోయింది కానీ ఖజానాకు చేరలేదు. అంతవరకూ దారి ఉంది. ఆ పన్ను మళ్లీ కట్టమని వచ్చిన డిమాండ్‌కు, గొడవెందుకులే అని పన్ను శాఖ పోర్టల్‌లో ‘డిమాండ్ ఈజ్ కరెక్ట్’ (ఈ బాకీ నిజమే) నొక్కేసి మరీ వచ్చాడు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయినట్టే.

పాన్, ఆధార్ లింకు, గడువు తేదీల గురించి అందరూ చెబుతారు. నేను వదిలేస్తున్నా.

రిటర్ను వేసేముందు

పన్నెండు నెలల పేస్లిప్పులూ ముందు పెట్టుకుని, టీడీఎస్ మొత్తాన్ని 26ఏఎస్‌తో పోల్చండి. అందులో ‘స్టేటస్ ఆఫ్ బుకింగ్’ గడిలో ‘ఎఫ్’ ఉంటే డబ్బు చేరినట్టు. ‘యు’ ఉంటే కంపెనీ కట్టలేదు, లేదా తప్పు వివరాలిచ్చింది. కోసిన పన్నును కంపెనీ మరుసటి నెల 7లోగా కట్టాలి, మార్చిది మాత్రం ఏప్రిల్ 30లోగా. జనవరి–మార్చి లెక్క దాఖలుకు మే 31 దాకా గడువుంది కాబట్టి, ఆ మూడు నెలలు ఏప్రిల్లో కనబడలేదని టెన్షన్ పడొద్దు. జూన్ సగానికీ రాకపోతే మాత్రం కదలండి.

ఫారం 16 అంటే పన్ను కోసినట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్, జూన్ 15లోగా ఇవ్వాలి. అందులో పార్ట్ ఏను కంపెనీ పన్ను శాఖ వారి ట్రేసెస్ సైటు నుంచే దించాలి, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. వర్డ్‌లో టైపు చేసి స్టాంపు గుద్దిచ్చిన కాగితం ఫారం 16 కాదు.

తేడా కనబడితే

సగం కేసుల్లో దొంగతనం ఉండదు, పాన్‌లో ఒక అక్షరం తప్పు పడి మీ డబ్బు ఇంకొకరి ఖాతాలో కూర్చుంటుంది. కంపెనీ తన టీడీఎస్ లెక్కల ఫారం 24క్యూకు సవరణ వేస్తే సరిపోతుంది. అందుకే మొదటి మెయిల్ మర్యాదగానే రాయండి: ఫలానా నెలల్లో ఇంత కోశారు, 26ఏఎస్‌లో ఇంతే ఉంది, చలానా వివరాలు ఇవ్వండి. మెయిలే రాయాలి. అకౌంట్స్ అన్నయ్య ‘చూస్తా తమ్ముడూ’ అని ఫోన్లో అన్న మాట రేపు ఏ అధికారి ముందూ పనికిరాదు.

రిటర్నులో జీతం మొత్తం చూపండి. 26ఏఎస్‌లో లేదు కదా అని ఆ నెలల జీతం ఎగ్గొడితే తప్పు కంపెనీ నుంచి మీ మీదకు మారుతుంది. తప్పుడు లెక్క చూపారని తేలితే పెనాల్టీ ఆ పన్నుకు రెండింతలు. కోసిన టీడీఎస్ కూడా పూర్తిగా క్లెయిమ్ చేయండి. నోటీసు వస్తుందని తెలిసే చేయండి.

నోటీసు వస్తే

‘డిమాండ్ ఈజ్ కరెక్ట్’ నొక్కొద్దు. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత ‘కాదు’ అనే వీలు పోర్టల్‌లో ఉండదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ ప్రకారం జీతంలోంచి కోసిన మేరకు పన్నును మళ్లీ ఉద్యోగిని కట్టమనకూడదు. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్ 1న ఒకసారి, 2016 మార్చి 11న మరోసారి ఈ మాటే తన అధికారులకు రాసింది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకరి కేసులో 2021లో గుజరాత్ హైకోర్టు కూడా ఉద్యోగి పక్షానే నిలిచింది. (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి. అంతకుముందు జీతానికి పాత నంబర్లే.) ఇంత రక్షణ ఉన్నా కంప్యూటర్ నోటీసు పంపుతూనే ఉంటుంది. దానికి 205 తెలీదు, 26ఏఎస్ ఒక్కటే తెలుసు. ‘డిసగ్రీ’ ఎంచుకుని పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, మీ అసెసింగ్ అధికారికి విడిగా రాయండి.

ఇక మిగతావి:

– రిజైన్ చేసే రోజుకు ముందే పేస్లిప్పులన్నీ సొంత మెయిల్‌కు దించుకోండి. రిలీవ్ అయిన సాయంత్రమే లాగిన్ పోతుంది. 205 మిమ్మల్ని కాపాడాలంటే పన్ను కోసినట్టు రుజువు మీ దగ్గరుండాలి.

– పేస్లిప్పులు ఇస్తారా అని కంపెనీని అపాయింట్‌మెంట్ లెటర్ రోజునే అడగండి.

– మూడు నెలలకోసారి 26ఏఎస్ చూడండి. జూలై దాకా ఆగితే కంపెనీ ఉండకపోవచ్చు.

– ‘ఇప్పుడు మీరు కట్టేయండి, తర్వాత ఇచ్చేస్తాం’ అని హెచ్ఆర్ అంటే కట్టొద్దు.

– కోసి కట్టకపోవడం 276బీ కింద నేరం. రెండో మెయిల్లో ఆ సెక్షన్ పేరు రాయండి. మొదటి మెయిల్లో వద్దు.

– మూడో మెయిల్ రాయొద్దు. టీడీఎస్ విభాగానికి ఫిర్యాదు పెట్టండి.

– పాత డిమాండ్‌కు ఈ ఏటి రీఫండ్ సర్దుతామని సమాచారం వస్తే గడువులోగా జవాబివ్వండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

– మీ లాగిన్ సీఏ దగ్గరుంటే, మిమ్మల్ని అడక్కుండా ఏ డిమాండ్‌కూ జవాబివ్వొద్దని ఆయనకు ఇవాళే చెప్పండి. పని తొందరగా తెమలాలని వాళ్లూ నొక్కేస్తారు.

– డిమాండ్ రెండు వేలే అయినా సరే, ‘కరెక్ట్’ నొక్కొద్దు.