ఫోన్‌లో మొదలై ఐసీటీసీ గది దాకా: కుర్రాళ్ళకు హెచ్‌ఐవీ నివారణ సమాచారం చేర్చడం ఎలా

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు చూసినవాళ్ళకు ఆ ప్రశ్న ఇప్పటికీ నోటికొచ్చు. పరీక్ష ఎక్కడ చేస్తారంటే మాత్రం తడుముకుంటారు. ఫోన్‌లో చేసే ప్రచారానికీ అదే జబ్బు పట్టుకుంటోంది. రీల్‌కు వేల వ్యూలు వస్తాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీకి ఒక్కడూ రాడు. అందుకే రిజిస్టర్‌లో ఏ లెక్క రాయాలో ముందే తేల్చుకోండి. ఎంతమంది చూశారన్నది పక్కన పెట్టి, ఎంతమంది పరీక్ష చేయించుకున్నారన్నది రాయండి.

మొదటి పని ఫోన్‌లో కాదు, కాళ్ళతో. మీ పరిధిలోని ఐసీటీసీలకు స్వయంగా వెళ్ళండి. ఆసుపత్రి గేటు నుంచి ఆ గది దాకా దారి రాసుకోండి: ఏ భవనం, ఎన్నో అంతస్తు, పక్కన ఏ గది. ఓపీ చీటీ కావాలా, నేరుగా వెళ్ళొచ్చా? కౌన్సెలర్ ఏ వేళకు ఉంటారు? కుర్రాడు వెనక్కి తిరిగిపోయేది చాలాసార్లు గేటు దగ్గరే. ఎవరినైనా అడగాలంటే గదిపేరు నోటితో చెప్పాలి కదా! ఈ దారి వివరమే మీ వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా విలువైన పేజీ. అక్కడ పరీక్ష ఉచితమనీ, మొదటి కిట్‌లో రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చన్న సూచన) వస్తే ఇంకో రెండు రకాల కిట్లతో చూశాకే పాజిటివ్ అని తేలుస్తారనీ అదే పేజీలో రాయండి.

వెబ్‌సైట్

తెరవగానే మూడే బటన్లు కనిపించాలి: ‘కండోమ్ చిరిగింది లేదా వాడలేదు’, ‘పరీక్ష ఎక్కడ?’, ‘ఎవరితోనైనా మాట్లాడాలి’. మూడోది 1097కు కాల్ కలపాలి. అది దేశమంతటా పనిచేసే ఉచిత హెల్ప్‌లైన్. సంస్థ చరిత్ర, ప్రారంభోత్సవం ఫొటోలు అడుగున ఎక్కడో పెట్టుకోండి.

మొదటి బటన్‌ను అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాలి, అక్కడ గంటలు లెక్క. పెప్ మందులు (ప్రమాదం జరిగాక హెచ్‌ఐవీ అంటకుండా వేసుకునేవి) 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు, 28 రోజులు రోజూ వేసుకోవాలి. శనివారం రాత్రి సంగతి సోమవారం చూద్దామంటే సగం గడువు అయిపోతుంది. కాబట్టి దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కు (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోటుకు) ముందే ఫోన్ చేసి, సెలవు రోజుల్లో, రాత్రిళ్ళు ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ దొరక్కపోతే ఏ డాక్టర్ రాసిస్తారో కనుక్కుని పేరుతో సహా పెట్టండి. ‘వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి’ అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు.

కుర్రాళ్ళు ఎక్కువగా పొరబడేది విండో పీరియడ్ దగ్గర, అంటే హెచ్‌ఐవీ సోకినా పరీక్షలో ఇంకా తేలని రోజుల దగ్గర. నిన్న రాత్రి జరిగినదానికి ఇవాళ నెగెటివ్ వస్తే గండం గడిచినట్టు కాదు. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ కిట్‌లో యాంటీబాడీలు తేలడానికి 23 నుంచి 90 రోజులు, నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే యాంటిజెన్–యాంటీబాడీ పరీక్షకు 18 నుంచి 45 రోజులు పడుతుంది. ఇప్పుడొకటి, మూడు నెలలు నిండాక ఇంకొకటి అని సూటిగా చెప్పండి.

ప్రెప్ (హెచ్‌ఐవీ అంటకుండా ముందుగానే వేసుకునే మందు) గురించి రాసేటప్పుడు ‘రోజుకో మాత్ర, ఇక భయం లేదు’ అని తేల్చేయకండి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ నెగెటివ్ అని తేలాలి, కిడ్నీల పనితీరు చూడాలి, తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. సవాయి (సిఫిలిస్), గనేరియా లాంటి సుఖవ్యాధులను ప్రెప్ ఆపదు. వాటికి కండోమ్, అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని సురక్ష క్లినిక్.

ఇక ఎవరూ పట్టించుకోని చిన్న విషయం ఒకటి. వాట్సాప్‌లో లింక్ పంపితే దాని కింద పేజీ టైటిల్, బొమ్మ తోసుకొచ్చేస్తాయి. ‘హెచ్‌ఐవీ పరీక్ష’ అని ఎర్ర రిబ్బన్‌తో సహా చాట్‌లో కూర్చుంటుంది. ఆ ఫోన్ చెల్లెలి చేతిలోనో రూమ్మేట్ చేతిలోనో ఉండొచ్చు. పేజీ టైటిల్ ‘ఆరోగ్య సమాచారం’ అని ఉంచండి, బొమ్మ సాదాగా పెట్టండి. పంపే ముందు మీ ఫోన్‌కే పంపి చూసుకోండి.

డేటింగ్ యాప్‌లు

మగవాళ్ళతో పరిచయాలు కోరుకునే మగవాళ్ళు ఎక్కువగా వాడే గ్రైండర్ లాంటి యాప్‌లో పనిచేసే ఔట్‌రీచ్ వర్కర్ ప్రొఫైల్ పేరులోనే ‘హెల్త్ వర్కర్’ అని ఉండాలి. మామూలు యూజర్‌లా పలకరించి తర్వాత అసలు సంగతి చెబితే అది మోసమే, మళ్ళీ ఎవరూ నమ్మరు. కనిపించిన ప్రతివాడికీ ముందుగా మెసేజ్ కొట్టకండి. రిపోర్ట్ చేస్తారు, ఖాతా పోతుంది. ఆన్‌లైన్‌లో జనం ఉండేది రాత్రి తొమ్మిది తర్వాత, కాబట్టి డ్యూటీ వేళలు దానికి తగ్గట్టు మార్చుకోవాల్సిందే. అడిగినదానికి రెండు లైన్లలో జవాబివ్వండి. పేరు, ఊరు అడగకండి. చివర్లో ఒకటే మాట: ‘గురువారం 11కి ఐసీటీసీ దగ్గర నేనుంటాను, కావాలంటే వెంట వస్తాను.’

ఆ యాప్‌లో 2018 నుంచి టెస్ట్ రిమైండర్ ఉంది. పెట్టుకోమనండి. కానీ హెచ్‌ఐవీ స్టేటస్ గడి ఖాళీగా వదిలేయమనడమే మా సలహా: యూజర్ల స్టేటస్ బయటి రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు చేరుతోందని అదే ఏడాది బయటపడింది, ఆపుతామని యాప్ వాళ్ళు అప్పుడు చెప్పారు. బ్లాక్‌మెయిల్ బారిన పడ్డవాళ్ళకు సైబర్ క్రైమ్ నంబర్ 1930. సెక్షన్ 377 పేరు చెప్పి బెదిరిస్తే, ఇష్టపూర్వకమైన వయోజనుల సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పండి. అవతలివాడికి 18 నిండలేదని తెలిస్తే పద్ధతి మారుతుంది: చాట్ సాగదీయకుండా కౌన్సెలర్‌కు, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి అప్పగించండి.

మెసేజ్‌లు

వాట్సాప్ గ్రూప్ వద్దు. ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది, అక్కడితో రహస్యం ముగిసింది. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. ఒక లిస్ట్‌లో 256 మంది, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. చేరలేదని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది అదే.

ఎస్‌ఎంఎస్ అయితే తెలుగుకు 70 అక్షరాలే, దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. ఇక్కడ అక్షరమంటే మన కంటికి కనిపించేది కాదు. గుణింతం, ఒత్తు, సున్న దేనికదే విడిగా లెక్కలోకి వస్తాయి: ‘మాట్లాడాలంటే’ మనకు ఐదు, ఫోన్‌కు పన్నెండు. కంపెనీ పేరుతో వెళ్ళే బల్క్ ఎస్‌ఎంఎస్‌కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం హెడర్ (పంపినవాళ్ళ పేరుగా కనిపించే అక్షరాలు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే రిజిస్టర్ చేయించాలి. పైగా దానికి రిప్లై ఇవ్వడం కుదరదు. హెడర్‌లో జబ్బు పేరు స్ఫురించే అక్షరాలు రాకుండా చూసుకోండి. పదీ ఇరవై మందైతే ఈ పనికే కేటాయించిన మామూలు సిమ్ నుంచి ఒక్కొక్కరికే పంపండి.

ఏం పంపాలి? కెన్యాలో ఏఆర్‌టీ వాడేవాళ్ళకు వారానికోసారి ‘ఎలా ఉన్నారు?’ అన్న ఒక్క ఎస్‌ఎంఎస్ పంపి, ఇబ్బంది ఉందన్నవాళ్ళకు నర్సు ఫోన్ చేసే పద్ధతి పెట్టారు. మందులు సరిగ్గా వేసుకున్నవాళ్ళు 62 శాతం, మెసేజ్ అందనివాళ్ళలో 50 శాతం. 2010లో వచ్చిన ఫలితం అది. ‘మాత్ర మరవకు’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ప్రెప్ వాడేవాళ్ళకూ అదే తీరు నప్పుతుంది:

‘ఈ వారం ఎలా ఉన్నావ్? బాగుంటే 1, మాట్లాడాలంటే 2 అని రిప్లై ఇవ్వు.’

మొత్తం 63 అక్షరాలు. ఎవరు చదివినా స్నేహితుడి పలకరింపులా ఉంటుంది. 2 వచ్చాక రెండు రోజుల్లో ఫోన్ చేయలేకపోతే మాత్రం ఈ మెసేజ్ అసలు మొదలుపెట్టకండి. రిప్లైలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళు రాస్తారు కాబట్టి ఆటోమేటిక్ జవాబుల మీద ఆధారపడొద్దు.

మీ ఫోన్‌లో కాంటాక్టులు పేర్లతో కాక కోడ్‌లతో సేవ్ చేయండి, చాట్‌కు డిసప్పియరింగ్ మెసేజెస్ ఏడు రోజులకు పెట్టండి, రిజిస్టర్‌నూ కోడ్‌లతోనే నడపండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ వివరాలను భద్రంగా కాపాడటం సంస్థ బాధ్యత. ఫలితం మాత్రం ఏ మెసేజ్‌లోనూ పంపకండి, నెగెటివ్ అయినా సరే. నెగెటివ్ వాళ్ళకు మెసేజ్, పాజిటివ్ వాళ్ళకు ‘ఒకసారి రండి’ అని పంపుతూ పోతే, రెండో నెలకల్లా ఆ ‘ఒకసారి రండి’ అర్థం ఊరందరికీ తెలిసిపోతుంది.