రుమటాలజీ పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు ఎలా చూడాలి?

పీహెచ్‌డీకి గైడ్ కోసం వెతుకుతున్నా, ఇంట్లో ఎవరికో లూపస్ అని తేలి దాని మీద గట్టిగా పని చేసినవాళ్లెవరో తెలుసుకోవాలనుకున్నా, పరిశోధకుల పేరు కొట్టగానే ముందు కనిపించేవి అంకెలే. ఇన్ని పేపర్లు, ఇన్ని వేల సైటేషన్లు (అంటే ఇతర పేపర్లు వీళ్ల పేపర్లని ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ ఇంత అని. దయచేసి అక్కడితో ఆగకండి. కీళ్లవాతం పరిశోధనలో ఈ అంకెలు పెరిగే తీరు కాస్త వేరు, అది తెలియకుండా ఇద్దర్ని పోలిస్తే ఒకరికి అన్యాయం చేసినట్టే.

1. ఆ పేపర్లు ఆ మనిషివేనా?

ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్నవాళ్లు బోలెడుమంది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో వేరేవాళ్ల పేపర్లు కలిసిపోవడం మామూలే. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) గుర్తింపు నంబర్ ఉంటే దాంతోనే వెతకండి. లేకపోతే సంస్థ పేరు, సహరచయితల పేర్లు సరిచూసుకోండి. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు) పేపర్ల మధ్య ఉన్నట్టుండి పంట తెగుళ్ల పేపర్ కనిపించిందంటే అది దాదాపుగా ఇంకెవరిదో.

2. అంకె ఎక్కడిదో రాసుకోండి

గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లలో (జర్నల్ సమీక్షకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లలో) వచ్చిన సైటేషన్లు కూడా కలుపుతుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఎక్కువ చూపిస్తుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లు తాము ఎంచుకున్న జర్నల్స్ లాంటి వాటి వరకే లెక్కేస్తాయి. ఒకరిది ఇక్కడ, ఇంకొకరిది అక్కడ చూసి పోల్చకండి. పేపర్ల జాబితాకైతే నేను ముందు వెళ్లేది వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌కే, అది ఉచితం కూడా.

3. హెచ్-ఇండెక్స్ లెక్క

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. ఒకరికి ఐదు పేపర్లున్నాయి, వాటికి సైటేషన్లు 50, 20, 9, 4, 3 అనుకోండి. కనీసం 4 సైటేషన్లున్న పేపర్లు 4 ఉన్నాయి, కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. రేపు ఆ మొదటి పేపర్‌కి 5,000 వచ్చినా అది 4 దగ్గరే ఉంటుంది. పైగా వయసుతో పెరగడమే తప్ప తగ్గదు, అందుకే దాదాపు ఒకే కాలంలో పని మొదలుపెట్టినవాళ్లనే పోల్చాలి.

4. ఎక్కువ సైటేషన్లున్న పేపర్లు తెరవండి

నా దృష్టిలో అసలు పని ఇదే, మిగతావన్నీ దీనికి ముందు చేసే ఏర్పాట్లు. రుమటాలజీలో వర్గీకరణ ప్రమాణాల పేపర్లు ఉంటాయి, అంటే అధ్యయనంలోకి ఏ రోగుల్ని తీసుకోవాలో చెప్పేవి. ఆ తర్వాత ఆ జబ్బు మీద అధ్యయనం చేసే ప్రతివాళ్లూ 'ఫలానా ప్రమాణాల ప్రకారం రోగుల్ని ఎంచుకున్నాం' అని వాటిని ఉదహరించాల్సిందే, దాంతో సైటేషన్లు వేలల్లోకి వెళ్తాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, యూరప్‌లోని రుమటాలజీ సంఘాల సమాఖ్య యూలార్ కలిసి ఇచ్చిన 2010 ప్రమాణాలు రెండు జర్నల్స్‌లో అచ్చయ్యాయి. కాబట్టి ఒకే పని జాబితాలో రెండుసార్లు కనిపించొచ్చు. రచయితలు పదుల మంది! అది గొప్ప పనే, కానీ మధ్యలో ఎక్కడో పేరున్నవాళ్లకీ పనిని నడిపినవాళ్లకీ అంకె ఒకటే చూపిస్తుంది.

అందుకే పేరు ఎక్కడుందో చూడండి. మామూలుగా మొదటి పేరు పని ఎక్కువ చేసినవాళ్లది, చివరిది ల్యాబ్ నడిపే సీనియర్‌ది. చివర్లో ఎవరెవరు ఏం చేశారో రాసి ఉంటే అదీ చదవండి. ఆ తర్వాత ఇది రివ్యూనా (అంటే ఇప్పటికే వచ్చిన పరిశోధనల్ని కూర్చి చెప్పేదా), క్లినికల్ ట్రయలా, సొంత ల్యాబ్ పరిశోధనా అని విడదీయండి. రివ్యూలకి సైటేషన్లు తేలిగ్గా వస్తాయి.

5. విభాగాన్ని బట్టి పోల్చండి

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మీద పని చేసేవాళ్లు ఎక్కువ, అరుదైన వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) మీద తక్కువ, కాబట్టి ఉదహరించేవాళ్లూ తక్కువే. ఐసైట్ అనే ఉచిత సైట్‌లో పేపర్‌ని దాని విభాగంతో, సంవత్సరంతో పోల్చి చూపించే ఆర్‌సీఆర్ అనే అంకె ఉంటుంది. 1 దాటితే ఆ విభాగంలో మామూలుకన్నా ఎక్కువ ఉదహరించారని. డాక్టర్ కోసం వెతికేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఓపీలో రోగిని ఎలా చూస్తారో ఇవేవీ చెప్పవు.

6. వెనక్కి తీసుకున్న (రిట్రాక్ట్ అయిన) పేపర్లు ఉన్నాయా?

పబ్‌మెడ్‌లో అలాంటి పేపర్ల మీద స్పష్టంగా గుర్తు వేస్తారు. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో కూడా పేరుతో వెతకొచ్చు. ఒకటి కనిపించగానే టెన్షన్ పడకుండా నోటీసు పూర్తిగా చదవండి, రచయితలే తమ పొరపాటు గుర్తించి వెనక్కి తీసుకున్నవి కూడా అందులో ఉంటాయి, వాటిని మోసంతో కలపకూడదు.