కొండల్లో సైకిల్ తొక్కబోతున్నారా? బోర్డు మీది రంగును గుడ్డిగా నమ్మకండి

ఫొటో చూసి ట్రెయిల్ ఎంచుకోవడం మౌంటెన్ బైకింగ్‌లో మొట్టమొదటి పొరపాటు. ఫొటోలో లోయ అందంగా పడుతుంది. వాలు ఎంతుందో తెలియదు. చెట్ల వేళ్లు, వదులు రాళ్లు అసలే కనబడవు. టికెట్లు బుక్ చేసేముందు ఆ దారి గ్రేడు (ఎంత కష్టమో బోర్డు మీద రంగులోనో అంకెలోనో చూపే స్థాయి), మొత్తం దిగుడు, అక్కడి సీజన్ చూసుకోండి.

గ్రేడు దగ్గరే పెద్ద తిరకాసు ఉంది. అమెరికా, కెనడాల్లో ఆకుపచ్చ అంటే తేలిక, నీలం మధ్యరకం, నలుపు కష్టం. రెండు నల్ల డైమండ్ గుర్తులు కనిపిస్తే ఆరితేరినవాళ్లకే. ఆల్ప్స్‌లో చాలాచోట్ల నీలమే తేలిక, ఎరుపు మధ్యరకం. న్యూజీలాండ్‌లో 1 నుంచి 6 దాకా అంకెలు కూడా వాడతారు. పైగా ఒక చోటి నీలం ఇంకో చోటి నీలంలా ఉండదు. "నీలమే కదా" అనుకుని వెళ్లి, సగం దారి సైకిల్‌ను నడిపించుకుంటూ దిగిన రోజు నాకూ ఉంది. కొత్త చోట మొదటి రోజు మీ స్థాయికి ఒక మెట్టు కిందే మొదలుపెట్టండి, పరువేమీ పోదు.

ఇంకో సంగతి, ఇది రంగుల కన్నా ముఖ్యం. కష్టం వేరు, ప్రమాదం వేరు. బోలివియాలోని యుంగాస్ రోడ్డునే తీసుకోండి. అది చాలావరకు సైకిల్‌కు సరిపడా వెడల్పున్న కంకర దారి, తొక్కడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. కానీ పక్కనే వందల అడుగుల లోయ. సుమారు 4,650 మీటర్ల ఎత్తున మొదలై 1,200 మీటర్ల దాకా దిగిపోతుంది. 2006లో కొత్త రోడ్డు వచ్చాక వాహనాలు బాగా తగ్గాయి, లోయ మాత్రం అక్కడే ఉంది. డిసెంబరు నుంచి మార్చి వరకు వానలు, పొగమంచు ఎక్కువ కాబట్టి ఆ నెలలు వదిలేయడమే మేలు. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ పడితే ఏమవుతుంది?

అంత పొడవు దిగుడులో బ్రేకులే ప్రాణం. లివర్‌ను అదేపనిగా నొక్కి ఉంచితే డిస్కు వేడెక్కి బ్రేకు పట్టు తప్పుతుంది. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, తర్వాత వదిలేయండి. ప్యాడ్లు అరిగాయేమో ముందు రోజే చూసుకోండి. అద్దె సైకిల్ అయితే మరీనూ. ఏ లివర్ ముందు చక్రానిదో తేల్చుకోకుండా కదలొద్దు, కొన్ని దేశాల్లో అవి తారుమారుగా ఉంటాయి. లోయను చూడాలనిపిస్తే ఆగి చూడండి. చూపు ఎటు పోతే సైకిల్ అటే పోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది న్యూజీలాండ్‌లోని రొటొరువా. అక్కడి రెడ్‌వుడ్ చెట్ల అడవిలో తేలిక దారుల నుంచి కఠినమైనవాటి దాకా ఒకే చోట దొరుకుతాయి. అలసిపోతే వెనక్కి రావడమూ సులువే. వాన పడితే చెట్ల వేళ్ల మీద జాగ్రత్త. తడిసిన వేరును ఏటవాలుగా దాటితే చక్రం సర్రున జారుతుంది, వీలైనంత వేరుకు లంబంగా దాటాలి.

అమెరికాలో యూటా రాష్ట్రపు మోయబ్ కొంచెం చెయ్యి తిరిగినవాళ్లకు. అక్కడి బండను స్లిక్‌రాక్ అంటారు, అంటే జారుడు బండ. ఇనుప లాడాలున్న గుర్రాలు జారడంతో ఆ పేరొచ్చిందంటారు. రబ్బరు టైరు మాత్రం పొడి బండను బాగానే పట్టుకుంటుంది. తడిసినా, ఇసుక పడినా ఆ నమ్మకం పెట్టుకోవద్దు. వేసవిలో ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలే, దారిలో నీళ్లు దొరకవు. వసంతమో శరదృతువో చూసుకుని, గంటకు కనీసం అర లీటరు లెక్కన నీళ్లు వెంట తీసుకెళ్లండి. బండ మీద వేసిన తెల్ల గుర్తులు వదిలి పక్కకు పోవద్దు.

కెనడాలోని విస్లర్ బైక్ పార్కులో రోప్‌వే లాంటి లిఫ్ట్ మిమ్మల్ని కొండ పైకి చేరుస్తుంది, కాళ్లకు శ్రమ తగ్గుతుంది. చిక్కు చేతులతోనే. మధ్యాహ్నానికి వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేని స్థితి వస్తుంది. "ఇంకొక్క రౌండ్" అని మనసు లాగుతున్నప్పుడే ఆపేయాలి. ముఖం మొత్తం కప్పే హెల్మెట్, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి అనుకోండి. కొత్త జంప్‌ను మొదటిసారి నెమ్మదిగా దాటి చూసి, తర్వాతే దూకండి. ఎలుగుబంట్లుండే చోటు కూడా, ముందు కనబడని మలుపుల్లో గట్టిగా మాట్లాడుతూ పోండి.

లడఖ్ దారి వేరు. లేహ్ దాదాపు 3,500 మీటర్లు, ఖార్‌దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తు. అక్కడ మొదట అలవాటు పడాల్సింది పలచటి గాలికి. విమానంలో దిగిన రోజే సైకిల్ ఎక్కకండి, కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే ఆలస్యం చేయకుండా కిందికి దిగండి. దిగేటప్పుడు చెమట పట్టిన ఒంటికి చలిగాలి కొడుతుంది కాబట్టి జాకెట్ సంచిలో పైనే ఉండాలి.

ఎక్కడికెళ్లినా సంచిలో ట్యూబు, పంపు, చిన్న టూల్ కిట్, చైన్ లింకు, ప్రథమ చికిత్స సామాను ఉండాలి. సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు, మ్యాప్‌ను ముందే ఫోన్‌లో దించుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎన్ని గంటలు దాటితే వెతకాలో ఒకరికి రాసిచ్చి బయల్దేరండి.