కుక్కర్ కూతల లెక్క, కుట్ల లెక్క: ఇంటిపనుల మధ్య అల్లిక, వడుకు, నేత సాగించడం ఎలా?

మా చెల్లెలి బాబుకి ఊలు టోపీ అల్లుతున్నాను. వరుసకి 72 కుట్లు. వేలితో ఒక్కో కుట్టూ జరుపుకుంటూ లెక్కపెడుతుంటే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. "ఎన్నోదే అమ్మాయ్?" అని హాల్లోంచి అత్తయ్య. "యాభై తొమ్మిది" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు పప్పు గుజ్జయిపోయింది, టోపీ రెండు వరుసలు విప్పాల్సొచ్చింది.

"ఇల్లూ పిల్లలూ ఉండగా ఇవన్నీ చేయడానికి నీకు టైమెక్కడిది?" అని అడిగేవాళ్లు చాలామంది. నా దగ్గరున్నవి ముక్కలే. పాలు పొంగేదాకా ఐదు నిమిషాలు, స్కూలు బస్సు వచ్చేదాకా పది, అందరూ కునుకు తీసే మధ్యాహ్నం ఓ గంట. ఈ ముక్కల్లో పని సాగాలంటే ఎంతసేపు కూర్చోగలమన్న లెక్క పక్కన పెట్టి, ఎక్కడ లేవగలమో చూసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లేవడం గురించే.

1. మీ ఇంటి ముక్కలు ఎలాంటివో ముందు చూసుకోండి

నాలుగు రోజుల పాటు క్యాలెండరు పక్కన ఒక కాగితం పెట్టి, ఖాళీ దొరికిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలో రాయండి. మరో గుర్తు కూడా పెట్టాలి: ఆ ఖాళీని ముగించింది మీరేనా, ఇంకెవరైనానా? కాలింగ్ బెల్లు, ఫోను, "అమ్మా, నా జామెట్రీ బాక్సేదీ?" లాంటివన్నీ రెండో రకం. నా కాగితంలో నేను ముగించినవి మూడో నాలుగో ఉన్నాయి, మిగతావన్నీ ఎవరో ఒకరు ముగించినవే. అది చూశాకే నా పనుల ఎంపిక మారింది.

2. ఏ ముక్కకి ఏ పనో జత కుదర్చండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎక్కడైనా ఆపగలిగే పని తకిలీ మీద నూలు వడకడం. తకిలీ అంటే బొంగరంలా తిప్పి నూలు తీసే చిన్న కదురు, ఏకులంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలు. ఇత్తడి తకిలీ, నాలుగు ఏకులు, తకిలీ కాలు జారకుండా ఒక కొబ్బరి చిప్ప ఉంటే చాలు. బెల్లు మోగితే చేతిలో ఉన్న పోగుని కదురుకి చుట్టి, ఏకుని పక్కన పెట్టి లేచిపోవచ్చు. పోగు తెగినా నష్టం లేదు. తెగిన కొసనీ ఏకు కొసనీ ఒకదాని మీద ఒకటి వేసి పురి ఎక్కిస్తే అతుక్కుంటాయి. పాలగిన్నె ముందు నిలబడే ఐదు నిమిషాలకి ఇది సరిగ్గా సరిపోతుందనుకుంటారు గానీ పొరపాటు. పొయ్యి దగ్గర దూది వద్దు. ఆ ఐదు నిమిషాలూ పాలవే. స్కూలు బస్సు కోసం మెట్ల మీద కూర్చునే పది నిమిషాలు మాత్రం తకిలీవి.

వరుస చివర ఆపాల్సిన పని మామూలు అల్లిక. అన్నీ సీదా కుట్లే ఉన్న మఫ్లర్ అయితే వరుసకి రెండు నిమిషాలు పడుతుంది. "ఈ వరుస అయ్యాక వస్తా" అంటే ఇంట్లో ఎవరూ కోప్పడరు. మధ్యలో లేవక తప్పకపోతే ఒకటి గుర్తుంచుకోండి. మళ్లీ చేతిలోకి తీసుకునేటప్పుడు ఊలు వేలాడుతున్న సూది కుడిచేతిలో ఉండాలి. ఇది తెలియక నేను ఒక మఫ్లర్‌ని సగం వరుస నుంచి వెనక్కి అల్లాను. ఒక పక్క రెండు వరుసలు ఎక్కువై ఆ మూల పైకి లేచింది. మా ఆయన ఇప్పటికీ ఆ మూలని లోపలికి మడిచి కట్టుకుంటారు.

రంధ్రాల డిజైన్లు, జడ అల్లికలు వేరే జాతి. వీటిని వరుస చివర ఆపినా చాలదు, డిజైను ఒక చుట్టు పూర్తయ్యేదాకా లేవకూడదు. ఇవి మధ్యాహ్నం గంటకే.

ఇక పడుగు వేయడం. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, పేక అంటే వాటి మధ్య అడ్డంగా పోయే పోగు. ఇంట్లో నేర్చుకునేవాళ్లకి 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న చెక్క చట్రం చాలు. పైనా కిందా సెంటీమీటరుకో మేకు కొట్టించి, మేకు చుట్టూ దారం తిప్పుకుంటూ పోతే సుమారు 60 పోగులు వస్తాయి. అంటే 24 మీటర్ల దారం మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా ఒకే బిగువులో ఉండాలి. సగంలో వదిలేసి వచ్చి మళ్లీ మొదలుపెడితే చెయ్యి మారుతుంది, రెండో సగం వదులవుతుంది, గుడ్డ ఆ పక్క ఉబ్బుతుంది. అందుకే పడుగు ఆదివారం పూట ఫోను పక్క గదిలో పెట్టి వేసే పని. పడుగు పడ్డాక మాత్రం నేత మళ్లీ ముక్కల్లో ఒదిగిపోతుంది. పేక ఒక అంచు నుంచి రెండో అంచుకి చేరగానే లేవొచ్చు.

3. మూడే మూడు పనులు నడపండి

ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట పుట్టింది ఊలు కొట్టు ముందేనని నా అనుమానం. సంచిలో ఒకటి, చట్రం మీద ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి. నాలుగోది మొదలుపెట్టాలనిపిస్తే ఆ మూడింట్లో ఒకటి పూర్తవ్వాలి, లేదా విప్పేయాలి. ఒకప్పుడు మా అటక మీద తొమ్మిది సగం పనులు ఉండేవి. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

సంచిలో పని ఎప్పుడూ చిన్న ముక్కలది అయితే మేలు. నర్సాపురం లేసు చూడండి. 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పారని చెప్పే ఆ క్రోషా పని (కొక్కెం సూదితో అల్లేది), గోదావరి డెల్టా పల్లెల్లో ఆడవాళ్ల చేతుల్లో ఇంటిపనుల మధ్యే పెరిగింది. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతికి బల్లగుడ్డ చేస్తారు. పువ్వు అరచేతిలో పడుతుంది, ఎసరు మరిగేలోపు ఒకటి ముగుస్తుంది. ఆ పనికి దక్కిన కూలి మాత్రం ఎప్పుడూ శ్రమకి తగినంత కాదు, అది వేరే కథ. మన వరకు పాఠం ఏమిటంటే, పెద్ద దుప్పటి అల్లాలని ఉంటే దాన్ని చదరాలుగా అల్లండి. ఒక్కో చదరం ఒక్కో బస్సు ప్రయాణం.

4. గుర్తు మీ తలలో పెట్టుకోకండి

కుక్కర్ సంఘటన తర్వాత నేను చింతగింజలకి మారాను. రెండు చిన్న గిన్నెలు, ఎడమ గిన్నెలో ఎన్ని వరుసలుంటే అన్ని గింజలు. వరుస అయిన వెంటనే ఒక గింజ కుడి గిన్నెలోకి. వామనగుంటలు ఆడిన చెయ్యికి ఇది కొత్తేమీ కాదు. కుట్లకైతే ప్రతి ఇరవైకీ సూదికి ఒక రంగు దారం ఉంగరం తగిలించండి, మొత్తం మళ్లీ లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

డిజైను పనిలో పది వరుసలకోసారి సన్నని నూలు దారాన్ని సూది మీదున్న కుట్లన్నింటి గుండా లాగి అలా వదిలేయండి. దీనికి నేను దిక్కుదారం అని పేరు పెట్టుకున్నాను. ఎప్పుడైనా పిల్లాడు సూది లాగేస్తే అల్లిక ఆ దారం దాకా విడిపోయి అక్కడ ఆగుతుంది. లేచేటప్పుడు సూది మొనలకి రబ్బరు బ్యాండు చుట్టడం కూడా అలవాటు చేసుకోండి. కుట్లు జారవు, సోఫాలో కూర్చున్నవాళ్లకీ గుచ్చుకోదు.

కొలత కూడా రాసి పెట్టుకోవాలి. మన దుకాణాల్లో సూదులకి చాలాచోట్ల పాత బ్రిటిష్ నంబర్లే. అందులో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది: 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25. ఇంటర్నెట్‌లో చూసిన మిల్లీమీటర్ల అంకెనే కొట్లో నంబరుగా చెప్పి, చివరికి అల్లింది బొమ్మకి సరిపోయే స్వెట్టరైతే తప్పు ఊలుది కాదు. ఊలు చుట్టిన కాగితం మీద రంగు పేరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగేశారో చెప్పే గుర్తు, ఉంటుంది. రెండు నెలల తర్వాత అదే రంగు కొన్నా లాట్ మారితే చాయ తేడా వస్తుంది. ఆ కాగితాన్ని పారేయకుండా సంచిలోనే ఉంచండి.

5. చోటు

బట్టలు, ఆటవస్తువులు, పుస్తకాలతోనే నిండిన ఇంట్లో మగ్గానికి గది దొరకదు. చట్రం తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. ఊలు బిస్కెట్ డబ్బాలో. వడకడానికి ఇష్టపడేవాళ్లకి పెట్టె చరఖా బాగుంటుంది. గాంధీ యెరవాడ జైల్లో ఉన్న రోజుల్లో దాని రూపానికి మెరుగులు దిద్దించారు. మూసేస్తే చిన్న సూట్‌కేసు, మంచం కిందకి పోతుంది.

దూదికి పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాను. ఏకులు ఎగిరి పప్పుడబ్బా మీద వాలతాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న నూలు వడికేవాళ్లు ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఏకు నలగదు, చేతి చెమట తగలదు. మాకు అరటి చెట్టు లేదు, అట్టతో చుట్టిన గొట్టం ఆ పని చేస్తోంది. అదే పొందూరులో దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనలా వాడతారు. ఆ పని ఇంట్లో అనుకరించమని నేను చెప్పను.

క్రోషా సూదులు దాచుకోండి. ఇంట్లో ఎవరి లంగా బొందు లోపలికి పోయినా ముందు గుర్తొచ్చేది అదే.

6. ఇంట్లోవాళ్లకి పని పంచండి, నేర్పించడానికి మాత్రం ఉరకకండి

చిలప (వదులుగా కట్టగా చుట్టిన దారం) విప్పి ఉండ చుట్టాలంటే రెండు చేతులు అడ్డం పట్టాలి. మా అబ్బాయి పదో ఎక్కం అప్పచెబుతూ చేతులు చాపి కూర్చుంటాడు. వాడు లేకపోతే కుర్చీ వీపు.

అత్తయ్య మొదట్లో నా తకిలీ వంక బొంగరం వంక చూసినట్టు చూసేవారు. ఒకరోజు నా దారం పదోసారి తెగాక, "ఇటివ్వు" అని దూది తీసుకున్నారు. ప్రతి కార్తీకానికీ వత్తులు చేసే చేతులవి. దూదిని చిటికెలో పట్టి, బలంగా లాగకుండా, పోగులు ఒకదాని పక్కన ఒకటి జారేదాకా వేళ్లు వదులు చేసి లాగారు. మంచు తెరలాంటి పొర వచ్చింది. "నువ్వు లాగుతున్నావ్, అది రావాలి" అన్నారు. నేను వీడియోల్లో మూడు వారాలు చూసినా పట్టుబడనిది అది. అప్పట్నుంచి ఏకులు చేయడం ఆవిడ పని, వడకడం నాది. నా నూలు బాగోలేదని చెప్పే హక్కు కూడా ఆవిడదే.

ఆవిడ చెప్పిందే ఇంకొకటి: గంజి. చేత్తో వడికిన ఒంటిపోగుని అలాగే పడుగుకి వాడితే నూగు లేచి తెగుతుంది. అన్నం వార్చిన గంజిని పలచగా చేసి, వడగట్టి, వేడి తగ్గాక చిలపని ముంచి పిండండి. ఒక కర్రకి వేలాడదీసి కింద నీళ్ల సీసా కడితే తిన్నగా ఆరుతుంది. పూర్తిగా ఆరకముందే పోగులు విడదీయాలి, లేకపోతే అన్నీ అట్టకట్టుకుంటాయి. గంజి పెట్టిన నూలుని నెలల తరబడి దాస్తే బొద్దింకలు, వెండిపురుగులు చేరతాయి. వర్షాకాలంలో బూజు కూడా పడుతుంది. ఆ వారంలోనే వాడేయండి.

7. చేతుల సంగతి

ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి చీరలకి ఆసు పోసేవారు. ఇక్కత్ చీరకి రంగు కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే పని అది. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆమె భుజాల నొప్పి చూడలేకే ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనది బతుకుతెరువు కాదు, సరదా. నొప్పి భరించాల్సిన అవసరమే లేదు. అరగంటకోసారి సూదులు దించి గిన్నెలు కడగండి. గోరువెచ్చని నీళ్లలో వేళ్లకి అంతకంటే మంచి విశ్రాంతి లేదని నేను గట్టిగా నమ్ముతాను, గిన్నెలు కడగడం నాకు ఇష్టం లేకపోయినా. కోపంలో అల్లితే కుట్లు బిగుసుకుంటాయి. నా దగ్గరున్న ఒక శాలువాలో మూడు అంగుళాలు ఎప్పుడు అల్లానో మా ఆయనకి కూడా తెలుసు.

8. కాలాన్ని బట్టి

హైదరాబాదు చలి పలకరించి పోయేది. డిసెంబరుకి స్వెట్టర్ కావాలంటే ఆగస్టులో మొదలుపెట్టాలి. పసిబిడ్డకైతే ఎప్పుడూ ఒక సైజు పెద్దది అల్లండి, వాళ్లు మన సూదులకంటే వేగంగా పెరుగుతారు. మే నెలలో ఊలు ముట్టుకోలేం. అప్పుడు నూలు దారంతో క్రోషా, లేదా చట్రం మీద నేత. ఎండాకాలపు పొడిగాలిలో చేతి నూలు ఎక్కువ తెగుతుంది, వడకడానికి వానాకాలమే అనువు. పండక్కి ముందు వారం ఏ పనీ పెట్టుకోకండి, సంచి అటకెక్కించేయండి.

9. విప్పాల్సి వస్తే

మూడు నెలలుగా చెయ్యి పడని పనిని ఒక సాయంత్రం బయటికి తీయండి. కావాలనిపిస్తే వారంలోగా మొదలుపెట్టండి. లేకపోతే చివరి కుట్టు విప్పి లాగండి, ఊలు ఉంగరాలు తిరిగి వస్తుంది. కుర్చీ వీపు చుట్టూ చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీళ్లు ఒత్తేసి, కింద చిన్న బరువు కట్టి నీడలో ఆరేయండి. మర్నాటికి మళ్లీ కొత్త ఊలులాగే ఉంటుంది. పోయిన నెల ఆరేసిన చిలప కింద బరువుగా కట్టింది అత్తయ్య కొబ్బరినూనె సీసా. తలంటుకునే వేళకి అది కనపడక ఇల్లంతా వెతికారు. బాల్కనీలో దొరికాక విప్పి చేతికిస్తే, "ఈ రంగు నాకు బాగుంటుంది కదే" అన్నారు. అది ఇప్పుడు సూది మీద ఉంది, పద్దెనిమిదో చింతగింజ దగ్గర.