మెదడు ఎంఆర్‌ఐ చదవడం – 4వ పాఠం: హిప్పోకాంపస్‌కు అంకె వేయడం

జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్. అది ఎంత కుదించుకుపోయిందో ఫిల్ము చూసి అంకెతో చెప్పడం ఈ పాఠంలో నేర్చుకుందాం. టీ1 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో మెదడు లోపలా చుట్టూ ఉండే ద్రవం నల్లగా, తెల్ల పదార్థం తెల్లగా, బూడిద పదార్థం ఆ రెంటి నడిమి ఛాయలో ఉంటాయని గత పాఠంలో తెలుసుకున్నాం. బరంపురంలోనో విశాఖపట్నంలోనో తీయించిన ఫిల్ములు ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఇళ్లలో బీరువాల మీద ఊరకే పడి ఉంటాయి. వాటిలో కరోనల్ కోతలు, అంటే ముఖానికి సమాంతరంగా తీసిన చిత్రాలు, ఉన్న ఫిల్మును వెలుతురుకెదురుగా పట్టుకోండి.

మెదడు కాండంలో ఉబ్బెత్తుగా ఉండే పాన్స్ కనిపించే కోత దగ్గర ఆగాలి. దానికి ఇరువైపులా, టెంపోరల్ లోబ్ (చెవి వైపునున్న మెదడు భాగం) లోపలి అంచున ముడుచుకొని ఉన్న బూడిదరంగు ముద్దే హిప్పోకాంపస్. మీ కుడి చేతివైపు కనిపించేది సాధారణంగా రోగి ఎడమ భాగం.

1992లో షెల్టెన్స్ బృందం ప్రతిపాదించిన కొలమానంలో 0 నుంచి 4 వరకు అంకెలున్నాయి. ముద్ద చుట్టూ నల్లని ద్రవం కనబడకపోతే 0. పైనున్న కోరాయిడ్ చీలిక (ద్రవం ఉండే సన్నని సందు) మాత్రమే కాస్త వెడల్పైతే 1. ఆ చీలికతో పాటు పక్కనున్న టెంపోరల్ హార్న్ (ద్రవం నిండిన గది కొస) కూడా విప్పారి, ముద్ద ఎత్తు కొద్దిగా తగ్గితే 2. ఎత్తు స్పష్టంగా తగ్గితే 3. లోపలి నిర్మాణమే గుర్తుపట్టలేనంతగా కరిగిపోతే 4. 1కీ 2కీ మధ్య తేల్చుకోవడమే కష్టం, అక్కడ హార్న్‌ను చూసి నిర్ణయించండి. కుడి ఎడమలకు విడివిడిగా అంకె వేయాలి.

వయసు తెలియకుండా ఈ అంకెకు అర్థం లేదు. 75 ఏళ్లలోపు వారిలో 2 వస్తే అసాధారణంగా భావిస్తారు. ఆ వయసు దాటినవారిలో అదే 2 వార్ధక్యపు సహజమైన కుదింపే కావచ్చు, అక్కడ 3 నుంచి అనుమానించాలి. అంకె ఎక్కువైనంత మాత్రాన మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ వ్యాధి అని తేల్చలేం, ఎందుకంటే ఇతర వ్యాధుల్లోనూ హిప్పోకాంపస్ క్షీణిస్తుంది. అల్జీమర్స్‌కు గుర్తైన అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం లక్షణాలకు ఏళ్ల ముందే మొదలైనా, మామూలు ఎంఆర్‌ఐలో కనిపించదు. దానికి శరీరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థాన్ని గుర్తించే పెట్ స్కాన్ కావాలి, 2004లో అమిలాయిడ్‌కు అంటుకునే అలాంటి పదార్థమైన పిట్స్‌బర్గ్ కాంపౌండ్‌తో మనుషులపై తొలి ఫలితాలు వెలువడ్డాయి.

జ్ఞాపకశక్తి పరీక్షను కూడా పక్కన పెట్టుకొని చూడాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే మామ్మగారికి ఒడియాలో పరీక్ష పెట్టి వచ్చిన తక్కువ మార్కులను, నా దృష్టిలో, ఫిల్ముతో కలిపి లెక్కించకూడదు.

అభ్యాసం: ఒకే ఫిల్ముకు అంకెలు వేసి కాగితం మూసిపెట్టండి; వారం తరువాత పాతవి చూడకుండా మళ్లీ వేసి, రెండూ సరిపోల్చండి. తేడా ఉన్న కోతలతోనే 5వ పాఠం మొదలుపెడదాం.