పశువైద్య సహాయకులు కావాలంటే: పదో తరగతి తర్వాత డిప్లొమాకు దరఖాస్తు ఇలా

ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర డాక్టరు గారు ఒక్కరే ఉండరు. తల పట్టుకుని దాన్ని నిలబెట్టే మనిషి, వేడినీళ్లూ మందులూ అందించే మనిషి, మర్నాడు వచ్చి మాయ పడిందో లేదో చూసివెళ్లే మనిషి పక్కనే ఉంటారు. బ్రిటన్‌లో ఈ తరహా పని చేసేవారు వెటర్నరీ నర్సులు. మన ఊళ్లలో వెటర్నరీ అసిస్టెంటు, పశుసంవర్ధక సహాయకుడు అంటారు. ఆ పనిలోకి నేరుగా తీసుకువెళ్లే చదువు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా. పదో తరగతి పాసైతే చాలు, ఇంటర్ అక్కర్లేదు.

తెలంగాణలో ఈ డిప్లొమాను రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. కరీంనగర్, మహబూబ్‌నగర్ వంటి చోట్ల పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. సీటుకు మొదటి మెట్టు పాలిసెట్, అంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. దరఖాస్తులు ఎండాకాలం మొదట్లో తీసుకుంటారు, పరీక్ష మేలో ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పాలిసెట్ దరఖాస్తులో ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు), ఎంబైపీసీ (వాటితో పాటు జీవశాస్త్రం) అని రెండు దారులుంటాయి. పశుసంవర్ధక డిప్లొమా కావాలంటే ఎంబైపీసీయే ఎంచుకోవాలి. ఎంపీసీ అని నొక్కితే జీవశాస్త్రం ప్రశ్నలు రాసే అవకాశం ఉండదు, పశువైద్య సీటుకు కావలసిన ర్యాంకు రాదు. మా బంధువుల అబ్బాయికి ఇదే జరిగింది. ఇంట్లో నాలుగు పాడిగేదెలు, వాటి మధ్యే పెరిగాడు. ఫారం నింపినవాళ్లు అడగకుండానే ఎంపీసీ పెట్టేశారు. ర్యాంకు కార్డు చేతికొచ్చాక గానీ సంగతి తెలియలేదు. ఒక ఏడాది పోయింది. అందుకే చెబుతున్నాను, డబ్బు కట్టే ముందు తెర మీద ఆ ఒక్క గడిని మీ కళ్లతో మీరు చూసుకోండి.

పరీక్ష 150 మార్కులకు, రెండున్నర గంటలు. గణితం 60, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఒక్కొక్కటి 30. ఎంబైపీసీ ర్యాంకు లెక్కలో గణితం 60 మార్కులను 30కి కుదిస్తారు. అంటే జీవశాస్త్రం బరువు గణితంతో సమానం అవుతుంది. లెక్కలంటే భయపడే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండో మెట్టును చాలామంది మర్చిపోతారు. పాలిసెట్ ర్యాంకు వచ్చాక జరిగే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఈ సీట్లు కనిపించవు. పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఫలితాలు వచ్చిన నాటి నుంచి విశ్వవిద్యాలయం వెబ్‌సైటును వారానికి రెండుసార్లయినా చూడండి. వయోపరిమితి, రిజర్వేషన్లు, ఫీజు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటాయి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. పదో తరగతి మార్కుల మెమో, పాలిసెట్ హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, టీసీ, ఆధార్, కులం, ఆదాయం ధ్రువపత్రాలు కావాలి. నాలుగు నుంచి పది వరకు చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లు కూడా కావాలి. స్థానికతను తేల్చేవి ఇవే. మూడు నాలుగు బడులు మారిన పిల్లలకు ఇదే పెద్ద ఇబ్బంది. చదివిన బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి. ఆదాయ పత్రం మీసేవలో కొత్తగా తీయించుకోండి, పాతది తీసుకువెళ్లి వెనక్కి రావద్దు.

ఇక చదువు సంగతి. సగం తరగతి గదిలో, సగం కొట్టంలో. పశువును చట్రంలో నిలబెట్టడం, జ్వరం చూడటం, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయడం, పొదుగువాపును తొలి దశలోనే పట్టుకోవడం, కృత్రిమ గర్భధారణ నేర్చుకోవాలి. వీర్యం నింపిన సన్నని గొట్టాలు, అంటే స్ట్రాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటాయి. పట్టకారుతో స్ట్రాను బయటికి తీయగానే 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, వీర్యాన్ని గర్భాశయంలోకి ఎక్కించే గన్‌లో పెట్టాలి. ఆ అర నిమిషంలో చేయి తడబడితే రైతు మళ్లీ ఎద కోసం మూడు వారాలు ఎదురుచూడాలి. కొట్టంలో నిలబడటానికి అమ్మాయిలు వెనకాడనక్కర్లేదు. మన ఇళ్లలో తెల్లవారుజామున పాలు పితికేది, దూడను విప్పేది ఎక్కువగా ఆడవాళ్లే కదా.

డిప్లొమా చేస్తే డాక్టరు అయినట్టేనా అని అడుగుతుంటారు. కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులదే. డిప్లొమా వారు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, పశువైద్యుల పర్యవేక్షణలో, టీకాలు, గాయాలకు కట్టు, విత్తులు కొట్టడం వంటి ప్రాథమిక సేవలు చేయవచ్చు. ఈ గీత దాటి సొంతంగా ఇంజెక్షన్లు పొడిచేవాళ్లను ఊళ్లలో చూస్తుంటాం. దానివల్ల నష్టపోయేది నోరులేని జీవం. డాక్టరే కావాలన్న కోరిక ఉంటే ఇంటర్ బైపీసీ చదవండి. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీకి అదే దారి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు.

ఉద్యోగాల మాటకొస్తే, పశుసంవర్ధక శాఖ నియామకాలే అందరూ చూసేవి. అవి ఏటా రావు. ఈలోగా డెయిరీలు, కోళ్ల ఫారాలు, దాణా కంపెనీలు, హైదరాబాద్‌లోని పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లో డాక్టరుతో పాటు సహాయకులూ ఉంటారు.

ఆంధ్రప్రదేశ్ పిల్లలకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఇదే డిప్లొమాకు సొంతంగా నోటిఫికేషన్ ఇస్తుంది. పలమనేరు వంటి చోట్ల దాని పాలిటెక్నిక్‌లున్నాయి. అక్కడ 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల పోస్టులు వేల సంఖ్యలో ప్రకటించారు. ఈ డిప్లొమా వాటికి అర్హత. మళ్లీ 2023 నవంబరులో 1,896 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అప్పటికి డిప్లొమా చేతిలో ఉన్నవాళ్లు మర్నాడే దరఖాస్తు పెట్టగలిగారు.